భాగం - 9 : బూట్ అయ్యే లినక్స్ కెర్నెల్ - బ్యాకప్, పునరుద్ధరణ

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 బూట్ ప్రక్రియలో కెర్నెల్ స్థానం
9.3 కెర్నెల్‌కు చెందిన ఫైళ్లు
9.4 పనిచేస్తున్న కెర్నెల్ ఎందుకు చేజారుతుంది?
9.5 బ్యాకప్ విధానం
9.6 పునరుద్ధరణ విధానం
9.7 సారాంశం
9.8 ముఖ్య పదాలు
9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు
9.10 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' - సమాధానాలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
• కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేవరకు జరిగే దశలను, వాటిలో కెర్నెల్ పాత్రను వివరించగలరు.
• ఒక కెర్నెల్ పనిచేయడానికి కావలసిన ఫైళ్లన్నింటినీ గుర్తించగలరు.
• పనిచేస్తున్న కెర్నెల్‌కు బ్యాకప్ తీసి, అది నిజంగా బూట్ అవుతుందో లేదో పరీక్షించగలరు.
• బూట్ కాని యంత్రంలో కనిపించే లక్షణాన్ని బట్టి లోపం ఏ దశలో ఉందో నిర్ణయించి, తగిన విధంగా సరిచేయగలరు.

9.1 పరిచయం

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను స్థాపించడం, నవీకరించడం గత భాగంలో తెలుసుకున్నారు. నవీకరణలో తేడా వచ్చి ఒక టెక్స్ట్ ఎడిటర్ పాడైతే ఆ ఎడిటర్ ఒక్కటే పనిచేయదు. మిగిలిన యంత్రం నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని వాడుకుని ఎడిటర్‌ను మళ్లీ స్థాపించుకోవచ్చు. కెర్నెల్ విషయంలో ఈ వీలు లేదు. డిస్కును చదవాలన్నా, కీబోర్డు మీద నొక్కిన అక్షరం తెర మీద కనిపించాలన్నా, ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీ దించుకోవాలన్నా ముందు కెర్నెల్ నడుస్తూ ఉండాలి. అంటే మరమ్మతుకు కావలసిన పనిముట్లన్నీ, మరమ్మతు కావలసిన వస్తువులోనే ఉన్నాయి. అందుకే దీనికి ముందు జాగ్రత్త తప్పనిసరి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇక్కడ కుదరదు.

మీలో చాలామందికి ఇంట్లో ఉండేది ఒకే కంప్యూటర్. దగ్గరలో ప్రయోగశాల ఉండకపోవచ్చు, సంప్రదింపు తరగతి వచ్చే ఆదివారం వరకు ఉండకపోవచ్చు. అటువంటి పరిస్థితిలో యంత్రాన్ని మీరే లేపి నిలబెట్టగలగడం ఈ భాగం ఉద్దేశం. మొత్తం భాగానికి ఆధారమైన సూత్రం ఒక్కటే: కొత్త కెర్నెల్ బూట్ అయి, పనిచేస్తుందని మీ కళ్లతో చూసేవరకు పాత కెర్నెల్‌ను తీసివేయకూడదు.

గమనిక: ఉదాహరణలన్నీ డెబియన్ 12కు చెందినవి. ఉబుంటులోనూ ఇవే వర్తిస్తాయి. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు లినక్స్ తేడా చూపుతుంది. ఈ భాగంలో టైపు చేయవలసిన ఆదేశాలన్నీ చిన్న అక్షరాలలోనే ఉంటాయి.

9.2 బూట్ ప్రక్రియలో కెర్నెల్ స్థానం

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు జరిగే పనిని ఐదు దశలుగా విభజించవచ్చు.

1. ఫర్మ్‌వేర్: మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ లేదా యూఈఎఫ్ఐ ముందుగా నడుస్తుంది. ఇది హార్డ్‌వేర్‌ను పరీక్షించి, బూట్‌లోడర్ ఉన్న డిస్కును వెతుకుతుంది.
2. బూట్‌లోడర్: లినక్స్‌లో ఎక్కువగా వాడే బూట్‌లోడర్ గ్రబ్. ఏ కెర్నెల్‌ను నడపాలో అడిగే మెనూ ఇదే చూపుతుంది.
3. కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్: గ్రబ్ ఈ రెండు ఫైళ్లను డిస్కు నుంచి మెమరీలోకి ఎక్కించి, కెర్నెల్‌కు నియంత్రణ అప్పగిస్తుంది.
4. రూట్ ఫైల్ సిస్టమ్: ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోని డ్రైవర్ల సాయంతో అసలు డిస్కు విభాగం మౌంట్ అవుతుంది.
5. సిస్టమ్‌డీ: మొదటి ప్రక్రియగా మొదలై, మిగిలిన సేవలను లేపి లాగిన్ తెర చూపుతుంది.

మూడవ దశలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఎందుకు? డిస్కును చదవడానికి డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ అదే డిస్కులో మాడ్యూల్ రూపంలో ఉంటుంది. పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయిన చిక్కు ఇది. దీన్ని విడదీయడానికి, ముఖ్యమైన డ్రైవర్లతో ఒక చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌ను కట్టి, దాన్ని కెర్నెల్‌తో పాటే మెమరీలోకి పంపుతారు. అదే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్.

9.3 కెర్నెల్‌కు చెందిన ఫైళ్లు

కెర్నెల్ బ్యాకప్ అనగానే చాలామంది ఒకే ఫైలును కాపీ చేసి ఊరుకుంటారు. కష్టాలు అక్కడే మొదలవుతాయి. మీ యంత్రంలో నడుస్తున్న కెర్నెల్ సంచిక తెలుసుకోవడానికి 'యునేమ్ -ఆర్' అనే ఆదేశం ఇవ్వండి. సమాధానం 6.1.0-13-ఏఎండీ64 అని వచ్చిందనుకుందాం. ఆ సంచికకు చెందినవి ఇవి:

• /బూట్/వీఎంలినజ్-6.1.0-13-ఏఎండీ64: ఇది కెర్నెల్ ప్రతిరూపం. పేరు చివర 'ఎక్స్' అక్షరానికి బదులు 'జడ్' ఉండటం, ఇది కుదించిన ఫైలు అనడానికి గుర్తు.
• /బూట్/ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-6.1.0-13-ఏఎండీ64: ఇది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. పరిమాణం సాధారణంగా పదుల మెగాబైట్లు.
• /లిబ్/మాడ్యూల్స్/6.1.0-13-ఏఎండీ64: వైఫై, ధ్వని, గ్రాఫిక్స్ వంటి వాటి డ్రైవర్లు ఉండే డైరెక్టరీ. పరిమాణం వందల మెగాబైట్లు.
• /బూట్‌లోని కాన్ఫిగ్, సిస్టమ్.మ్యాప్ ఫైళ్లు: కెర్నెల్‌ను ఏ ఎంపికలతో నిర్మించారో మొదటిది చెబుతుంది, రెండవది దోషాల విశ్లేషణకు పనికివస్తుంది. బూట్ కావడానికి ఇవి అవసరం లేదు.

వీటికి తోడు గ్రబ్ మెనూలో ఆ కెర్నెల్‌కు ఒక వరుస ఉండాలి. ఆ మెనూ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ అనే ఫైలులో ఉంటుంది.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం: కెర్నెల్ తన మాడ్యూళ్లను వెతికేది వీఎంలినజ్ ఫైలు పేరును బట్టి కాదు. నిర్మించినప్పుడే తన లోపల రాసుకున్న సంచిక పేరును బట్టి వెతుకుతుంది. మీరు ఫైలు పేరు మార్చినా, నడిచేటప్పుడు అది /లిబ్/మాడ్యూల్స్‌లో పాత పేరున్న డైరెక్టరీనే అడుగుతుంది. కాబట్టి ప్రతిరూపం, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, మాడ్యూళ్లు - ఈ మూడూ ఒకే సంచికకు చెందినవై ఉండాలి. ఒకటి తప్పినా బండి కదలదు, కదిలినా కుంటుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(అ) కెర్నెల్ పనిచేయడానికి ఒకే సంచికకు చెందినవై ఉండవలసిన మూడు అంశాలేవి?
(ఆ) ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అవసరం ఏమిటి?

9.4 పనిచేస్తున్న కెర్నెల్ ఎందుకు చేజారుతుంది?

(1) కొత్త సంచికలోనే దోషం ఉండటం. దీనికి మంచి ఉదాహరణ 2023 డిసెంబరులో కనిపించింది. డెబియన్ 12.3 విడుదల కావలసిన రోజున, దానిలోని 6.1.64 కెర్నెల్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో సమాచారాన్ని పాడుచేసే అవకాశం ఉందని బయటపడింది. ఒక మార్పును కొత్త కెర్నెల్ నుంచి పాత శ్రేణికి తెచ్చినప్పుడు, దానితో పాటు రావలసిన మరొక మార్పు రాలేదు. డెబియన్ నిర్వాహకులు 12.3 డిస్కు ప్రతిరూపాల విడుదలను ఆపి, సరిచేసిన 6.1.66 కెర్నెల్‌తో డిసెంబరు 10న 12.4ను విడుదల చేశారు. ఈలోగా 6.1.0-14 అనే ప్యాకేజీ కొందరి యంత్రాలలోకి చేరింది. అటువంటివారికి వెంటనే అందుబాటులో ఉన్న దారి, యంత్రంలో మిగిలి ఉన్న 6.1.0-13తో బూట్ కావడం. ఎంతో జాగ్రత్తగా పరీక్షించి విడుదల చేసే శ్రేణిలో కూడా ఇలా జరగవచ్చు.

ఈ సంఘటన మరొక పాఠం కూడా చెబుతుంది. పాత కెర్నెల్ యంత్రాన్ని లేపుతుంది గాని, ఈలోగా పాడైన మీ ప్రాజెక్టు నివేదికను తిరిగి ఇవ్వలేదు. మీ సొంత ఫైళ్లకు వేరే బ్యాకప్ ఎప్పుడూ ఉండాలి.

(2) /బూట్ విభాగం నిండిపోవడం. కొన్ని యంత్రాలలో /బూట్ చిన్న విడి విభాగంగా ఉంటుంది. అది నిండితే కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారీ మధ్యలో ఆగిపోతుంది. ఆ సంగతి నవీకరణ సందేశాలలో వస్తుంది. దాన్ని చదవకుండా రీబూట్ చేస్తే యంత్రం లేవకపోవచ్చు. 'డీఎఫ్ -హెచ్ /బూట్' అనే ఆదేశంతో ఖాళీ ఎంత ఉందో ముందే చూసుకోవాలి.

(3) సొంతంగా నిర్మించిన కెర్నెల్‌కు పాత పేరే ఉండటం. మూల సంకేతం నుంచి నిర్మించి 'మేక్ ఇన్‌స్టాల్' ఇచ్చినప్పుడు, అదే పేరుతో ఉన్న పాత ప్రతిరూపం చివర '.ఓల్డ్' అని చేర్చి దాన్ని ఉంచుతారు. కాని 'మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్' మాడ్యూళ్లను అదే డైరెక్టరీలో పాతవాటి స్థానంలో రాస్తుంది. పాత ప్రతిరూపం, కొత్త మాడ్యూళ్లు కలిసి మిగులుతాయి. దీన్ని తప్పించడానికి నిర్మాణానికి ముందే కాన్ఫిగరేషన్‌లోని 'లోకల్ వెర్షన్' అంశంలో ఒక ప్రత్యేకమైన పేరు చేర్చాలి.

(4) పాత కెర్నెళ్లను చేతితో తీసివేయడం. స్థలం కోసం /బూట్‌లోని ఫైళ్లను 'ఆర్ఎం' ఆదేశంతో చెరిపేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. తీసివేయవలసి వస్తే ప్యాకేజీ నిర్వాహకుడైన 'ఏపీటీ' ద్వారానే తీసివేయాలి. నడుస్తున్న కెర్నెల్‌ను మాత్రం ఎప్పుడూ తీసివేయకూడదు.

9.5 బ్యాకప్ విధానం

9.5.1 యంత్రంలోనే ఒక భద్రప్రతి

మీ యంత్రం సవ్యంగా నడుస్తున్న రోజున ఈ పని చేయండి. /బూట్‌లో చాలినంత ఖాళీ ఉందని చూసుకుని, ఈ ఆదేశాలు వరుసగా ఇవ్వండి. ప్రతిదానికి ముందు 'సీడీ /బూట్' ద్వారా ఆ డైరెక్టరీలో ఉన్నారని నిర్ధారించుకోండి.

సుడో సీపీ -ఏ వీఎంలినజ్-6.1.0-13-ఏఎండీ64 వీఎంలినజ్-6.1.0-13-ఏఎండీ64-గుడ్
సుడో సీపీ -ఏ ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-6.1.0-13-ఏఎండీ64 ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-6.1.0-13-ఏఎండీ64-గుడ్
సుడో అప్‌డేట్-గ్రబ్

రెండు పేర్ల చివరా ఒకే తోక చేర్చడంలో కారణం ఉంది. 'అప్‌డేట్-గ్రబ్' /బూట్‌లోని వీఎంలినజ్ ఫైళ్లను వెతికి, అదే సంచిక పేరున్న ఇనిట్‌ఆర్‌డీ ఫైలును జతచేసి మెనూ తయారుచేస్తుంది. పేర్లు కలవకపోతే జత కుదరదు. ఇకపై నవీకరణలు అసలు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను తిరిగి రాసినా, మీ భద్రప్రతి జోలికి రావు.

స్వయంచాలకంగా జరిగే శుభ్రతలో ఆ సంచిక ప్యాకేజీ తొలగిపోకుండా, దానితో పాటు మాడ్యూళ్లు పోకుండా ఈ ఆదేశం ఇవ్వండి:

సుడో ఏపీటీ-మార్క్ మాన్యువల్ లినక్స్-ఇమేజ్-6.1.0-13-ఏఎండీ64

9.5.2 యంత్రం బయట ఒక ప్రతి

డిస్కే పాడైతే పై ప్రతి కూడా దానితోనే పోతుంది. కాబట్టి యూఎస్‌బీ డ్రైవులో మరొక ప్రతి ఉంచాలి. ఫైళ్లను విడివిడిగా కాపీ చేయకుండా 'టార్' ద్వారా ఒకే మూటగా కట్టడం మంచిది. సాధారణ యూఎస్‌బీ డ్రైవులలో ఉండే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ లినక్స్ అనుమతులను, సింబాలిక్ లింకులను నిలుపుకోలేదు. మూటలో అవి భద్రంగా ఉంటాయి. యూఎస్‌బీ డ్రైవు డైరెక్టరీలోకి వెళ్లి ఈ ఆదేశాన్ని ఒకే వరుసలో ఇవ్వండి:

సుడో టార్ -సీజడ్ఎఫ్ కెర్నెల్13.టార్.జీజడ్ /బూట్ /లిబ్/మాడ్యూల్స్/6.1.0-13-ఏఎండీ64 /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్

తరువాత 'టార్ -టీజడ్ఎఫ్' ద్వారా మూటలో ఏమున్నాయో చదివి చూడండి. 'షా256సమ్' ఇచ్చే సంఖ్యను రాసి ఉంచుకుంటే, మూట చెడిందో లేదో తరువాత పోల్చుకోవచ్చు. 'ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' ఆదేశం చూపే డిస్కు విభాగాల పట్టికను కాగితం మీద రాసుకోండి. యంత్రం లేవని రోజున ఆ పట్టికను కంప్యూటర్‌లో వెతకలేరు.

9.5.3 భద్రప్రతిని పరీక్షించడం

బూట్ చేసి చూడని ప్రతిని బ్యాకప్‌గా లెక్కించకూడదు. యంత్రాన్ని రీబూట్ చేసి గ్రబ్ మెనూ తెప్పించండి. బయోస్ యంత్రాలలో షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకోవాలి. యూఈఎఫ్ఐ యంత్రాలలో ఎస్కేప్ మీటను నొక్కాలి. 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోపల చివర 'గుడ్' అని ఉన్న వరుసను ఎంచుకోండి.

లాగిన్ అయ్యాక 'యునేమ్ -ఆర్' ఇస్తే 6.1.0-13-ఏఎండీ64 అనే వస్తుంది, 'గుడ్' కనిపించదు. కంగారు పడకండి. ఆ పేరు కెర్నెల్ లోపల రాసి ఉన్నదని 9.3లో చెప్పుకున్నాం. ఏ ఫైలు నుంచి బూట్ అయిందో తెలియాలంటే 'క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్' ఇవ్వండి. 'బూట్ ఇమేజ్' అన్నచోట చివర 'గుడ్' ఉంటే పరీక్ష నెగ్గినట్లే. వైఫై, ధ్వని కూడా పనిచేస్తున్నాయో చూడండి. అవి మాడ్యూళ్లు సరిగా ఉన్నాయనడానికి సాక్ష్యం.

9.5.4 కొత్త కెర్నెల్‌ను ఒక్కసారి ప్రయత్నించడం

దూరంగా ఉన్న యంత్రంలో కెర్నెల్ మార్చవలసి వస్తే మెనూ దగ్గర కూర్చునే వీలుండదు. అప్పుడు /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలులో అప్రమేయ ఎంపికను 'సేవ్డ్' అని మార్చి, 'అప్‌డేట్-గ్రబ్' నడిపి, 'గ్రబ్-సెట్-డిఫాల్ట్' ద్వారా పాత కెర్నెల్‌ను అప్రమేయంగా పెట్టాలి. ఆ తరువాత 'గ్రబ్-రీబూట్' ద్వారా కొత్తదాన్ని తరువాతి ఒక్క బూట్‌కు మాత్రమే ఎంచుకోవాలి. కెర్నెల్‌కు ఇచ్చే పరామితులలో 'ప్యానిక్=10' చేర్చితే, కొత్త కెర్నెల్ ప్యానిక్ అయిన 10 సెకన్లకు యంత్రం దానంతట అదే రీబూట్ అయి పాత కెర్నెల్‌తో లేస్తుంది. ప్యానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోతే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
(అ) యూఎస్‌బీ డ్రైవులో ఉంచే ప్రతిని 'టార్' మూటగా ఎందుకు కట్టాలి?
(ఆ) భద్రప్రతి నుంచే బూట్ అయిందని ఎలా నిర్ధారిస్తారు?

9.6 పునరుద్ధరణ విధానం

9.6.1 లక్షణాన్ని బట్టి లోపాన్ని గుర్తించడం

తెర మీద కనిపించేది లోపం ఏ దశలో ఉందో చెబుతుంది. ముందు దాన్ని చదవండి. ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి.

• 'గ్రబ్' లేదా 'గ్రబ్ రెస్క్యూ' అనే ప్రాంప్ట్ మాత్రమే వస్తే: లోపం బూట్‌లోడర్ దశలో ఉంది. కెర్నెల్ బాగానే ఉండవచ్చు.
• 'కెర్నెల్ ప్యానిక్' అంటూ రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానని, చివర 'అన్‌నోన్ బ్లాక్ (0,0)' అని వస్తే: చాలా సందర్భాలలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేదు లేదా అసంపూర్తిగా ఉంది.
• 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అనే ప్రాంప్ట్ దగ్గర ఆగితే: కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ రెండూ నడిచాయి, రూట్ విభాగం దొరకలేదు లేదా దానికి తనిఖీ అవసరం.
• లాగిన్ వచ్చి వైఫై లేదా గ్రాఫిక్స్ పనిచేయకపోతే: మాడ్యూళ్లు లేవు లేదా వేరే సంచికవి.

చికిత్సలో తేలికైనదాని నుంచి కష్టమైనదానికి వెళ్లాలి. మొదటి మెట్టు మీద పని జరిగితే రెండవది ఎక్కనవసరం లేదు.

9.6.2 మొదటి మెట్టు: గ్రబ్ మెనూ

'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' నుంచి పాత కెర్నెల్‌ను లేదా మీ భద్రప్రతిని ఎంచుకోండి. యంత్రం లేచిన తరువాత, చెడిన కెర్నెల్ ప్యాకేజీని తిరిగి స్థాపించండి లేదా తీసివేయండి. 9.5లోని పని ముందే చేసినవారికి సాధారణంగా ఇక్కడితో కథ ముగుస్తుంది.

9.6.3 రెండవ మెట్టు: గ్రబ్ ప్రాంప్ట్

మెనూ ఫైలు పాడై 'గ్రబ్' ప్రాంప్ట్ వస్తే, మెనూ చేసే పనిని మీరే చేయవచ్చు. 'ఎల్ఎస్' ఇస్తే డిస్కు విభాగాలు కనిపిస్తాయి. లినక్స్ ఉన్నది మొదటి డిస్కులోని రెండవ విభాగమైతే ఇలా ఇవ్వాలి:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
లినక్స్ /బూట్/వీఎంలినజ్-6.1.0-13-ఏఎండీ64 రూట్=/డెవ్/ఎస్‌డీఏ2 ఆర్ఓ
ఇనిట్‌ఆర్‌డీ /బూట్/ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-6.1.0-13-ఏఎండీ64
బూట్

గ్రబ్ డిస్కులను సున్నా నుంచి, విభాగాలను ఒకటి నుంచి లెక్కిస్తుంది. ట్యాబ్ మీట నొక్కితే ఫైలు పేరును పూర్తిచేస్తుంది కూడా. లేచిన వెంటనే 'సుడో అప్‌డేట్-గ్రబ్' ఇచ్చి మెనూను మళ్లీ తయారుచేసుకోండి. 'గ్రబ్ రెస్క్యూ' ప్రాంప్ట్‌లో ఈ ఆదేశాలన్నీ ఉండవు. అక్కడ మూడవ మెట్టుకు వెళ్లడం సులభం.

9.6.4 మూడవ మెట్టు: లైవ్ యూఎస్‌బీ

ఏ కెర్నెల్‌తోనూ లేవనప్పుడు, బయటి కెర్నెల్‌ను అరువు తెచ్చుకోవాలి. లైవ్ యూఎస్‌బీతో యంత్రాన్ని బూట్ చేసి, మీ విభాగాల పట్టిక చూసుకుని ఈ క్రమం పాటించండి.

1. రూట్ విభాగాన్ని మౌంట్ చేయండి: సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ
2. /బూట్ విడి విభాగమైతే దాన్ని /ఎంఎన్‌టీ/బూట్ వద్ద, యూఈఎఫ్ఐ విభాగాన్ని /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ వద్ద మౌంట్ చేయండి. ఈ అడుగు మరిచిపోతే, తరువాత చేసే మరమ్మతంతా వేరే చోట చేరి వృథా అవుతుంది.
3. 'మౌంట్ --బైండ్' ద్వారా /డెవ్, /ప్రాక్, /సిస్ లను /ఎంఎన్‌టీ లోపలికి జతచేయండి.
4. మాడ్యూళ్లు లేదా ప్రతిరూపం పోయి ఉంటే, మూట నుంచి అవసరమైన ఫైళ్లను మాత్రమే 'టార్ -ఎక్స్‌జడ్ఎఫ్' ద్వారా తీసి, '-సీ /ఎంఎన్‌టీ' ద్వారా వాటి స్థానంలో పెట్టండి. ఇక్కడ 'సీ' పెద్ద అక్షరం; పైన గమనికలో చెప్పిన నియమానికి ఇదొక్కటే మినహాయింపు.
5. 'సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ' ఇవ్వండి. ఇప్పటి నుంచి మీ ఆదేశాలు డిస్కులోని వ్యవస్థకు వర్తిస్తాయి.
6. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ చెడి ఉంటే: అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు -కే 6.1.0-13-ఏఎండీ64. ఫైలు అసలు లేకపోతే '-యు' బదులు '-సీ' వాడాలి (ఇది చిన్న అక్షరమే).
7. చివరగా 'అప్‌డేట్-గ్రబ్' ఇచ్చి, 'ఎగ్జిట్' ద్వారా బయటికి వచ్చి రీబూట్ చేయండి.

ఆరవ అడుగులో ఒక విషయం గమనించండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను బ్యాకప్ లేకున్నా తిరిగి తయారుచేయవచ్చు, ఎందుకంటే అది మాడ్యూళ్ల నుంచే తయారవుతుంది. మాడ్యూళ్లు, ప్రతిరూపం అలా కావు. అవి మూట నుంచి రావాలి, లేదా ఇంటర్నెట్ ఉంటే ప్యాకేజీని తిరిగి స్థాపించడం ద్వారా రావాలి. సొంతంగా నిర్మించిన కెర్నెల్‌కు ఈ రెండవ దారి కూడా లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 3
(అ) 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' ప్రాంప్ట్ వచ్చిందంటే ఏ దశ వరకు పని సవ్యంగా జరిగినట్లు?
(ఆ) లైవ్ యూఎస్‌బీ మరమ్మతులో /బూట్ విడి విభాగాన్ని మౌంట్ చేయకపోతే ఏమవుతుంది?

9.7 సారాంశం

బూట్ అయ్యే కెర్నెల్ ఒక్క ఫైలు కాదు. ప్రతిరూపం, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, మాడ్యూళ్లు ఒకే సంచికకు చెంది, వాటికి గ్రబ్‌లో వరుస ఉన్నప్పుడే యంత్రం లేస్తుంది. యంత్రం బాగున్న రోజునే లోపల ఒకటి, బయట ఒకటి భద్రప్రతులు ఉంచుకోవాలి. లోపలి ప్రతితో ఒకసారి బూట్ అయి చూడాలి. యంత్రం లేవనప్పుడు ముందు తెర మీది సందేశం చదివి దశను గుర్తించాలి. తరువాత మెనూ, ప్రాంప్ట్, లైవ్ యూఎస్‌బీ అనే క్రమంలో ప్రయత్నించాలి. ఈ భాగం ముగించే ముందు మీ యంత్రంలో 9.5.1, 9.5.3లోని పనులు పూర్తిచేయండి. అరగంటలో అయ్యే పని అది.

9.8 ముఖ్య పదాలు

బూట్‌లోడర్: కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రాము.
ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్: రూట్ విభాగం మౌంట్ అయ్యేవరకు వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్.
మాడ్యూల్: అవసరమైనప్పుడు కెర్నెల్‌లోకి చేర్చుకునే డ్రైవర్ వంటి భాగం.
కెర్నెల్ ప్యానిక్: ముందుకు సాగలేని లోపం ఎదురై కెర్నెల్ ఆగిపోయే స్థితి.
సీహెచ్‌రూట్: వేరొక డైరెక్టరీని రూట్‌గా భావించి ఆదేశాలు నడిపే విధానం.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. లినక్స్ బూట్ ప్రక్రియలోని దశలను వివరించి, ప్రతి దశలో రాగల లోపాన్ని, దాని లక్షణాన్ని పేర్కొనండి.
2. లైవ్ యూఎస్‌బీ ద్వారా కెర్నెల్‌ను పునరుద్ధరించే విధానాన్ని వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. వీఎంలినజ్ ఫైలును మాత్రమే కాపీ చేస్తే అది పూర్తి బ్యాకప్ ఎందుకు కాదు?
2. 2023 డిసెంబరు నాటి డెబియన్ అనుభవం నుంచి నేర్చుకోవలసిన రెండు పాఠాలేవి?

9.10 'మీ ప్రగతిని పరీక్షించుకోండి' - సమాధానాలు

1. (అ) కెర్నెల్ ప్రతిరూపం, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, మాడ్యూళ్లు. (ఆ) రూట్ డిస్కును చదవడానికి కావలసిన డ్రైవర్లను, ఆ డిస్కు మౌంట్ కాకముందే కెర్నెల్‌కు అందించడం.
2. (అ) ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ నిలుపుకోలేని అనుమతులు, లింకులు మూటలో భద్రంగా ఉంటాయి. (ఆ) /ప్రాక్/సీఎండీలైన్ చదివి, 'బూట్ ఇమేజ్' వద్ద ఉన్న ఫైలు పేరు చూసి.
3. (అ) గ్రబ్ తన పని ముగించి, కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ నడిచేవరకు. (ఆ) కొత్త ఫైళ్లు అసలు /బూట్ విభాగంలో కాక రూట్ విభాగంలోని ఖాళీ డైరెక్టరీలో చేరతాయి. యంత్రం మళ్లీ లేవదు.